ఎత్తుకుంటే మరిగిపోతారా?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, కొత్త తల్లుల ముందు ఒక పిల్లల డాక్టరుగారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. చంకలో బిడ్డతో వచ్చిన తల్లులున్నారు, వాళ్ళకు తోడుగా అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చారు. అంగన్‌వాడీ టీచరమ్మలు, ఆశా అమ్మాయిలు ఉన్నారు. వెనక గోడకు ఆనుకుని నలుగురైదుగురు తండ్రులు కూడా నిలబడ్డారు. అయ్యా, ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ మాటలు మీకు కూడా కావాలి.

మొదట ఒక్క ప్రశ్న అడుగుతాను. "ఊరికే ఎత్తుకోకే, ఎత్తు మరుగుతాడు" అనే మాట ఇక్కడ ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా, హాలు హాలంతా ఎత్తింది. ఈ మాట అన్నవాళ్ళు ఎంతమంది? పర్వాలేదు, ఎత్తండి. నేను కూడా ఎత్తుతున్నాను. నా పెద్దవాడికి మూడు నెలలప్పుడు నేనే అన్నాను. మా ఇంట్లో ఒక పెద్దావిడ, "నువ్వు డ్యూటీకి వెళ్ళాలి, ఇప్పుడే అలవాటు చేస్తే తర్వాత ఎవరు మోస్తారు?" అంది. నిజమే అనిపించింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే పక్క గదిలో కూర్చుని గడియారం చూస్తూ ఉన్నాను. పదిహేను నిమిషాలు. పిల్లల వైద్యం చదువుకుంటున్నదాన్ని, నా బిడ్డను పదిహేను నిమిషాలు ఏడవనిచ్చాను. ఆ గడియారం ముల్లు నాకు ఇప్పటికీ కళ్ళముందు కనిపిస్తుంది. ఈరోజు ఇక్కడికి వచ్చి మాట్లాడటానికి సగం కారణం అదే.

మరగడం అనే మాటను మనం ఎక్కడెక్కడ వాడతాం? రుచి మరిగిన పిల్లి అంటాం. కల్లు మరిగాడు అంటాం. అంటే ఎత్తుకోవడం కూడా అలాంటి చెడ్డ రుచే, ఒకసారి తగిలితే వదలదు అన్నట్టు! అసలు మూడు నెలల బిడ్డ ఎందుకు ఏడుస్తుంది? ఆకలి, తడి, నొప్పి, చలి, ఉక్కపోత, నిద్ర, భయం. అవేవీ లేకపోతే ఇంకొకటి, ఒంటరితనం. బిడ్డకు మాట రాదు, నడక రాదు, పాకడం రాదు. తన దగ్గరున్నది ఏడుపొక్కటే. ఆ ఒక్కదాన్నీ మనం వినకపోతే ఇంక ఏం చేస్తుంది?

ఇది మన పల్లెల్లో అమ్మమ్మలకే ఉన్న భయం అనుకోకండి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకూ ఉండేది. అమెరికాలో వాట్సన్ అనే పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్త 1928లో తల్లిదండ్రులకు సలహా ఇచ్చాడు. పిల్లల్ని హత్తుకోవద్దు, ముద్దు పెట్టుకోవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే లేచాక వాళ్ళతో కరచాలనం చెయ్యండి అని! తల్లి ప్రేమ ప్రమాదకరమైనది అని. లక్షలమంది తల్లులు దాన్ని నమ్మి, ఏడుస్తున్న బిడ్డను తలుపు అవతల వదిలేసి, లోపల తాము ఏడ్చారు.

సరే, పుట్టిన బిడ్డ దగ్గరికి వద్దాం. "దానికేం తెలుసు, రక్తపు ముద్ద" అంటాం కదా. చాలా తెలుసు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డకు బాగా ఆనేది సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. ఇంత, నా చెయ్యి చూడండి, జానెడు కన్నా కొంచెం ఎక్కువ. పాలు తాగేటప్పుడు బిడ్డ కళ్ళకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం సరిగ్గా అంతే. ఆ దూరంలో బిడ్డ వెతికేది ముఖాన్నే. ఇక వినికిడి. కడుపులో ఉండగానే చెవులు పనిచేస్తాయి. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు, పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లల నోట్లో ఒక పాలపీక పెట్టారు. ఒక రకంగా చప్పరిస్తే అమ్మ గొంతు వినిపిస్తుంది, ఇంకో రకంగా చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపిస్తుంది. పిల్లలు చప్పరించే తీరు మార్చుకున్నారు. దేనికోసం? అమ్మ గొంతు కోసం. మూడు రోజుల పసికూన, పనిచేసి మరీ అమ్మ గొంతును సంపాదించుకుంది! బారసాల కూడా కాలేదు అప్పటికి.

ఆరు వారాలు, రెండు నెలలు వచ్చేసరికి బోసినవ్వు. నిద్రలో నవ్వే నవ్వు వేరు, దేవుడు నవ్విస్తున్నాడు అంటాం దాన్ని. ఇది అది కాదు, మీ ముఖం చూసి నవ్వే నవ్వు. తర్వాత ఊసులు మొదలవుతాయి. ఊసులాడటం అనేది ఎంత మంచి మాటో! మాటలు రాకముందే కబుర్లు మొదలయ్యాయని మనవాళ్ళు ఆ పేరులోనే చెప్పారు. బిడ్డ "ఉంగా" అంటుంది. మీరు "ఊఁ... అవునా? పాలు తాగావా? కడుపు నిండిందా?" అంటారు. అని ఆగుతారు. ఆగడం ముఖ్యమమ్మా. ఆగితే బిడ్డ మళ్ళీ "ఉంగా" అంటుంది. అడిగింది ఎవరు, జవాబు చెప్పింది ఎవరు? ఇద్దరూ. బంధం అనేది ఇక్కడే, ఈ చిన్న చిన్న ఇచ్చిపుచ్చుకోవడాల్లోనే అల్లుకుంటుంది. రోజుకు వందసార్లు.

ఒక ముసలమ్మ చేసే లాలను చూసి నేను దీన్ని నేర్చుకున్నాను. పుస్తకాలు చదివాక కాదు, నేర్చుకున్నది అక్కడే. ఒక పేషెంటు ఇంటికి వెళ్ళాను, బాలింతకు జ్వరమని. దొడ్లో అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టింది. రెండు నెలల పిల్ల. నూనె రాయడం మొదలుపెట్టింది. చెయ్యి ఛాతీ మీదకు పోయేసరికి పిల్ల కాళ్ళు విదిలించింది. అమ్మమ్మ చెయ్యి ఆగింది. "ఏమే, చలేసిందా? అయిపోయింది, అయిపోయింది" అంది. పిల్ల ఆమె నోటి వంకే చూస్తోంది. అమ్మమ్మ అరచేతులు రెండూ రుద్ది వేడిచేసి మళ్ళీ మొదలుపెట్టింది. నీళ్ళు పోసేటప్పుడు మొదటి చెంబు పాదాల మీద పోసింది, ముఖం చూసింది. పిల్ల పెదవి విరిచింది. "అదిగో, అదిగో, అలిగింది నా తల్లి" అంటూ కొంచెం చన్నీళ్ళు కలిపి, మోచెయ్యి పెట్టి చూసుకుని, అప్పుడు రెండో చెంబు పోసింది. పావుగంట లాలలో ఆమె ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు ఆ ముఖం చూసి తన చెయ్యి మార్చుకుందో నేను లెక్కపెట్టలేకపోయాను. ఆమెకు అక్షరం ముక్క రాదు. నేను చదివిన చదువంతా ఆ పీట మీద కూర్చుని ఉంది అనిపించింది.

డాక్టరుగా ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. ముక్కులో, చెవుల్లో నూనె పోయకండి. సాంబ్రాణి పొగ ముఖం దగ్గర పెట్టకండి. మిగతా లాలంతా హాయిగా చెయ్యండి.

ఇప్పుడు, బిడ్డ తల్లిని ఎందుకు అతుక్కుంటుంది? పాలిస్తుంది కాబట్టి అని చాలాకాలం అనుకున్నారు. కడుపు నింపేవాళ్ళ మీద ప్రేమ పుడుతుందని. హార్లో అనే ఆయన 1958లో కోతిపిల్లలతో చేసిన ప్రయోగం గురించి ప్రకటించాడు. తల్లి నుంచి వేరుచేసిన పిల్లలకు రెండు బొమ్మ తల్లుల్ని ఇచ్చాడు. ఒకటి ఇనుప తీగతో చేసింది, దానికి పాలసీసా ఉంది. ఇంకోటి మెత్తటి గుడ్డ చుట్టింది, పాలు లేవు. కోతిపిల్ల ఏం చేసిందనుకుంటున్నారు? ఆకలేసినప్పుడు తీగ తల్లి దగ్గరకు వెళ్ళి పాలు తాగి, వెంటనే గుడ్డ తల్లి దగ్గరకు వచ్చి కరుచుకుని, రోజులో ఎక్కువసేపు అక్కడే ఉంది. భయం వేస్తే పరుగెత్తింది కూడా గుడ్డ తల్లి దగ్గరికే. ఆ కోతిపిల్లల్ని తలుచుకుంటే నాకు బాధే. తల్లి లేకుండా పెరిగి, పెద్దయ్యాక అవి మామూలుగా బతకలేకపోయాయి. వాటి బాధ మీద మనకు తెలిసిన విషయం ఇది, కాబట్టి ఊరికే పోనివ్వకూడదు. పాలు సీసాతో పడుతున్నామని కుమిలిపోయే తల్లులు ఇక్కడ ఉంటే వినండి. తల్లిపాలు ఆరోగ్యానికి చాలా మంచివి, పట్టగలిగినవాళ్ళు తప్పకుండా పట్టండి. ఏ కారణం చేతనైనా పట్టలేకపోతే బంధం తెగిపోదు. సీసా పట్టేటప్పుడు బిడ్డను ఒళ్ళోకి తీసుకోండి, ముఖం చూడండి. మంచం మీద పడుకోబెట్టి దిండుకు సీసా ఆనించి వెళ్ళిపోకండి. అంతే తేడా.

అదే రోజుల్లో ఇంగ్లండులో బౌల్బీ అనే డాక్టరు ఈ విషయం మీదే తన జీవితమంతా పెట్టాడు. బాగా ఉన్నవాళ్ళ ఇల్లు. ఆయన్ని పెంచింది ఒక ఆయా. ఆయనకు నాలుగేళ్ళప్పుడు ఆమె వెళ్ళిపోయింది. కన్నతల్లి దూరమైనట్టే తనకు అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. యుద్ధంలో ఇళ్ళు, అమ్మానాన్నలు పోయిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగితే 1951లో ఆయన నివేదిక రాసిచ్చాడు. పసివయసులో అమ్మతోనో, అమ్మలా చూసుకునే ఒక మనిషితోనో ఆప్యాయమైన, తెగిపోని బంధం బిడ్డకు కావాలి, అన్నం ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం అన్నాడు. భయం వేసినప్పుడు తనకన్నా బలమైనవాళ్ళ దగ్గరికి చేరడం పసిబిడ్డకు పుట్టుకతో వచ్చిన గుణం, బతకడానికి వచ్చిన గుణం అన్నాడు. కోడిపిల్లలు గద్దను చూసి తల్లి రెక్కల కిందకు దూరవూ? అది చెడు అలవాటని ఎవరైనా అంటామా?

ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ అంటే నాకు మరీ గౌరవం. ఎందుకంటే ఆమె ఇళ్ళకు వెళ్ళి చూసింది. ఇక్కడున్న ఆశా అమ్మాయిల్లాగే! 1954లో ఆఫ్రికాలోని ఉగాండాకు వెళ్ళి, కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో 26 కుటుంబాల దగ్గర నెలల తరబడి కూర్చుంది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో మరో 26 కుటుంబాలు. బిడ్డకు మూడు వారాలప్పటి నుంచి ఏడాది నిండేదాకా, మూడు వారాలకోసారి, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. ఒక్కో బిడ్డ దగ్గర డెబ్భై గంటలకు పైగా. బిడ్డ ఏడ్చినప్పుడు తల్లి ఎంతసేపటికి వచ్చింది, వచ్చి ఏం చేసింది, పాలు పట్టేటప్పుడు బిడ్డ ముఖం తిప్పితే ఆగిందా, కుక్కిందా, ఇవన్నీ రాసుకుంది.

ఆమె చూసిందేమిటి? మొదటి నెలల్లో ఏడవగానే దగ్గరకు వెళ్ళిన తల్లుల పిల్లలు ఏడాది నిండేసరికి తక్కువ ఏడ్చారు. ఎక్కువ కాదు, తక్కువ! ఎత్తుకుంటే మరుగుతారన్న మాటకు ఇది నేరుగా జవాబు. మీకు నిజం మొత్తం చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను. తర్వాత వచ్చినవాళ్ళు ఆ లెక్కలతో వాదించారు. నిద్రలో కూనిరాగం తీస్తే కూడా పరుగెత్తక్కర్లేదు, ఒక్క నిమిషం చూస్తే బిడ్డ తనంతట తనే సర్దుకుంటుంది అన్నారు. అది మనకూ అనుభవమే. మూలుగు వేరు, గుక్క వేరు. ఏది ఏదో తల్లికి తెలుస్తుంది. తెలియకపోతే వెళ్ళి చూడండి, ఎత్తుకోండి. వాడు చెడిపోడు.

అదిగో, ఎవరి పాపో మొదలుపెట్టింది. బయటకు తీసుకెళ్ళకండమ్మా, ఇక్కడే భుజాన వేసుకోండి. ఈ సభ వాళ్ళ గురించే కదా.

ఐన్స్‌వర్త్ చేసిన ఇంకో పని చెబుతాను. ఏడాది, ఏడాదిన్నర పిల్లల్ని తల్లితో పాటు కొత్త గదిలోకి తెచ్చింది, బొమ్మలున్నాయి. ఒక కొత్తావిడ వస్తుంది. తల్లి కాసేపు బయటకు వెళుతుంది, తిరిగి వస్తుంది. అంతా కలిపి ఇరవై నిమిషాలు. బిడ్డ ఎంత ఏడ్చింది అనేది కాదు ఆమె చూసింది. తల్లి తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేసింది? అది చూసింది. ఎక్కువమంది పిల్లలు, మూడింట రెండు వంతుల దాకా, తల్లి రాగానే చేతులు చాపి, చంకెక్కి, కాసేపటికి తేరుకుని మళ్ళీ బొమ్మల దగ్గరకు దిగారు. కొందరు తల్లి వచ్చినా తల తిప్పుకుని బొమ్మతో ఆడుతున్నట్టే ఉన్నారు. మనమైతే "ఎంత బుద్ధిమంతుడో, అసలు ఏడవడు" అంటాం. కానీ వాళ్ళ గుండె వేగం చూస్తే లోపల టెన్షన్ ఉంది, పైకి చూపించడం మానేశారు. చూపించి లాభం లేదని తెలుసుకున్నారు. ఇంకొందరు చంకెక్కి కూడా ఊరుకోలేదు, ఒక చేత్తో పట్టుకుంటారు, ఇంకో చేత్తో కొడతారు. ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు, ఏ సారి వస్తుందో తెలియదు అన్న గుబులు వాళ్ళది. ఏ దారీ తోచక తికమకపడే పిల్లలు కొందరున్నారని తర్వాత మేరీ మెయిన్ అనే ఆవిడ గమనించింది. ఎక్కువగా భయం ఉన్న ఇళ్ళల్లో, బిడ్డ ఎవరి దగ్గరకు పరుగెత్తాలో వాళ్ళను చూసే భయపడాల్సిన ఇళ్ళల్లో.

ఇవి జాతకాలు కావమ్మా. ఏడాది వయసులో ఇలా ఉంటే జీవితమంతా ఇంతే అని ఎవ్వరూ చెప్పలేరు. మనుషులు మారతారు, ఇల్లు మారుతుంది, బంధమూ మారుతుంది. నెదర్లాండ్స్‌లో చాలా చిరాకుగా ఉండే వందమంది పసిపిల్లల్ని తీసుకుని, సగంమంది తల్లులకు బిడ్డకు ఆరు నెలల నుంచి తొమ్మిది నెలల లోపు ఇంటికి వెళ్ళి మూడుసార్లు నేర్పారు. ఏం నేర్పారు? బిడ్డ ఇచ్చే గుర్తులు చూడటం, అర్థం చేసుకోవడం, దానికి తగ్గట్టు జవాబివ్వడం. ఏడాదికి చూస్తే నేర్చుకున్న తల్లుల పిల్లల్లో 62 శాతంమందికి గట్టి బంధం ఉంది. నేర్పనివాళ్ళలో 22 శాతమే. మూడు సార్లమ్మా! మూడుసార్లు ఒక మనిషి వెళ్ళి పక్కన కూర్చుంటే అంత తేడా. ఆశా అమ్మాయిలూ, మీరు బరువు తూచడానికి, టీకా గుర్తు చేయడానికి వెళతారు కదా, ఐదు నిమిషాలు ఆ తల్లి పక్కన కూర్చోండి. "చూడు, నీ గొంతు వినగానే ఎలా తిరిగాడో" అని ఒక్కమాట అనండి. మొదటి కాన్పు తల్లికి ఆ మాట ఎంత బలమిస్తుందో మీకు తెలుసు.

ఇక అసలు విషయం. తల్లులు నన్ను భయంభయంగా అడుగుతారు. "మేడమ్, ప్రతిసారీ నేను చూడలేను, వంట ఉంటుంది, పెద్దాడి స్కూలు ఉంటుంది, ఒక్కోసారి విసుగొస్తుంది, అరుస్తాను. నా బిడ్డ పాడైపోతుందా?" అని.

ట్రోనిక్ అనే పరిశోధకుడు 1970లలో ఒక పని చేశాడు. తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తర్వాత రెండు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా, రాయిలా బిడ్డను చూస్తూ ఉండాలి. నవ్వదు, మాట్లాడదు. కొన్ని నెలల బిడ్డ. మొదట నవ్వి చూస్తుంది. రాలేదు. ఊసు చెబుతుంది. రాలేదు. చేతులు ఊపుతుంది. ఒళ్ళంతా కదిలిస్తుంది. చివరికి ముఖం పక్కకు తిప్పేసి ఏడుపు అందుకుంటుంది. రెండు నిమిషాల్లో! ఇది చెప్పినప్పుడు నాకు ఫోను గుర్తొస్తుంది. బిడ్డ పాలు తాగుతూ పైకి చూస్తే తల్లి ముఖం మీద ఫోను వెలుగు ఉంటుంది, కళ్ళు కిందకు దిగవు. తల్లులనే అనడం లేదు, తండ్రులూ అంతే, తాతయ్యలూ అంతే.

కానీ ఆ ప్రయోగంలో మూడో భాగం ఉంది, దాన్ని ఎవ్వరూ చెప్పరు. రెండు నిమిషాలయ్యాక తల్లి మళ్ళీ మామూలుగా అవుతుంది. "అయ్యో నా బంగారం, నేనే, నేనే" అంటుంది. బిడ్డ కాసేపు అలుగుతుంది, తర్వాత కలుస్తుంది. ట్రోనిక్ ఇంకా లెక్కపెట్టాడు. బాగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా ఇద్దరూ సరిగ్గా కలిసేది సుమారు మూడో వంతు సమయమే. మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్ళీ కలవడం. వాడు ఆకలంటే మీరు నిద్రనుకుంటారు, ఊపుతారు, వాడు ఇంకా ఏడుస్తాడు, అప్పుడు అర్థమై పాలిస్తారు. ఈ తప్పు దిద్దుకోవడంలోనే బిడ్డ నేర్చుకుంటుంది, అడిగితే కాసేపటికైనా అర్థం చేసుకుంటారు అని. అరిచారా? వెళ్ళి ఎత్తుకోండి. ఆలస్యమైందా? "వచ్చానమ్మా" అనండి.

మన ఊరి మాట చెప్పాలి ఇక్కడ. మిరప సీజన్‌లో యార్డు నిండా టిక్కీలు, అంటే మిరప బస్తాలు, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పనికి ఆడవాళ్ళు బారులు తీరి వెళతారు. అలాంటి ఒకమ్మాయి నాలుగు నెలల బిడ్డను తెచ్చింది నా దగ్గరకు, బిడ్డ కళ్ళు ఎర్రబడ్డాయి, చెంప మీద ఎర్రటి మచ్చలు. అడిగితే తల దించుకుంది. ఒకరోజు ఆత్రంగా ఇంటికొచ్చి, చేతులు సరిగ్గా కడుక్కోకుండా ఎత్తుకుందట. ఆ ఘాటు మీకు తెలుసు కదా, నీళ్ళతో పోదు. ముందు నూనె రాసి రుద్దుకుని, తర్వాత సబ్బుతో రెండు మూడుసార్లు కడగాలి, చీర మార్చుకోవాలి. ఆ అమ్మాయికి అదే చెప్పాను. "మరి అప్పటిదాకా ఏడుస్తాడు కదమ్మా, నన్ను చూసి ఇంకా ఏడుస్తాడు, నేను పట్టించుకోవట్లేదనుకోడూ?" అంది. ఎంత తెలివైన ప్రశ్నో చూడండి! చేతులు ఖాళీ లేవు, గొంతు ఉంది కదా అన్నాను. వారం తర్వాత వచ్చి చెప్పింది. గుమ్మంలోంచే "వచ్చాను నాన్నా, చేతులు కడుక్కుంటున్నా, ఇదిగో నూనె, ఇదిగో సబ్బు, అయిపోతోంది" అని గట్టిగా కబుర్లు చెబుతూ కడుక్కుంటుందట. నాలుగో రోజుకు అత్తగారి ఒళ్ళో వాడు ఏడుపు ఆపి, బకెట్ చప్పుడు వచ్చే వైపు తల తిప్పి, వింటూ ఎదురుచూస్తున్నాడట. రోజంతా పనికి వెళ్ళే తల్లి ఆ అమ్మాయి. ఆ బిడ్డకు బంధం లేదని ఎవరంటారు?

చట్టం 2017లో మారింది. జీతం మీద పనిచేసే ఆడవాళ్ళకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు, యాభైమంది, ఆపైన పనిచేసే చోట పిల్లల గది ఉండాలి. మరి తొడిమలు తీసే అమ్మాయికి? కూలికి వెళితేనే ఆ రోజు అన్నం. ఆమెకు 26 వారాలు ఎవరిస్తారు? ఈ మాట నేను ఏ సభలోనైనా అడుగుతాను, అడుగుతూనే ఉంటాను.

తండ్రులూ, మీ దగ్గరకొస్తున్నా. 1964లో స్కాట్లాండులోని గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు అరవైమంది పిల్లల్ని చూశారు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలకు ఒకరితో కాదు, ఇద్దరు ముగ్గురితో బంధం ఉంది. నాన్న, అమ్మమ్మ, అన్నయ్య. పైగా పాలు పట్టి, స్నానం చేయించే మనిషే అందరికన్నా దగ్గర కావాలని లేదు. బిడ్డ పలకరిస్తే పలికేవాళ్ళు దగ్గరవుతారు. కాబట్టి బజారు నుంచి వచ్చి టీవీ ముందు కూర్చునే బదులు బిడ్డను ఎత్తుకుని ఊసులు వినండి. ఇంకోటి, బాలింతరాలు రోజంతా ముఖం వేలాడేసుకుని, ఊరికే ఏడుస్తూ, బిడ్డను చూడబుద్ధి కావట్లేదు అంటే అది పొగరు కాదు, బద్ధకం కాదు, జబ్బు. మందుంది. డాక్టరు దగ్గరకు తీసుకురండి, దాచకండి.

నేను పీజీ చేసిన రోజుల్లో ఒక ఆసుపత్రిలో, పేరు వద్దు, నెలలు నిండని పిల్లల గదిలోకి తల్లుల్ని రానిచ్చేవాళ్ళం కాదు. ఇన్ఫెక్షన్ అనేవాళ్ళం. తల్లి అద్దంలోంచి చూసేది. ఒకావిడ రోజూ పిండిన పాలు గిన్నెలో తెచ్చి ఇచ్చి, అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడేది. పదకొండు రోజులు. నేను ఒక్కసారి కూడా లోపలికి రమ్మనలేదు. అప్పటికే, 1978లోనే, కొలంబియా దేశంలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, తల్లి ఛాతీ మీదే బిడ్డను కట్టి ఉంచడం మొదలుపెట్టారు. దాన్నే కంగారూ మదర్ కేర్ అంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో చేయించిన పరిశోధన 2021లో వచ్చింది. తక్కువ బరువు పిల్లల్ని పుట్టగానే తల్లి ఛాతీకి ఆనిస్తే మరణాలు 25 శాతం తగ్గాయి. ఒంటి వెచ్చదనానికి అంత బలం ఉంది. ఆ అద్దం దగ్గర తల్లికి నేను ఇప్పుడు క్షమాపణ చెప్పాలన్నా ఆమె ఎక్కడుందో తెలియదు.

ఎవ్వరూ ఎత్తుకోకపోతే ఏమవుతుందో కూడా లోకం చూసింది. రొమేనియాలో 1989లో ప్రభుత్వం పడిపోయాక అనాథాశ్రమాల తలుపులు తెరిస్తే లక్షమందికి పైగా పిల్లలు. తిండి పెట్టారు, బట్టలు కట్టారు, పలకరించే మనిషి లేడు. కొన్ని గదుల్లో ఏడుపులే లేవట. ఏడ్చినా ఎవరూ రాకపోతే ఎందుకేడుస్తారు? 2000 నుంచి అక్కడి రాజధాని బుకారెస్టులో అలాంటి 136 మందిలో సగంమందిని పెంపుడు ఇళ్ళకు పంపి చూశారు. రెండేళ్ళ లోపు వెళ్ళినవాళ్ళు మనుషులతో బంధం బాగా కలుపుకోగలిగారు. ఆలస్యమైనవాళ్ళకు కష్టమైంది, అయినా ఎంతోకొంత మేలు జరిగింది.

చివరిగా బెంగ గురించి. ఎనిమిది తొమ్మిది నెలలకు పిల్లలు కొత్త చేస్తారు. అప్పటిదాకా అందరి దగ్గరకూ వెళ్ళినవాడు ముఖం దాచుకుంటాడు. "మీ పిల్లాడికి మనుషులు అలవాటు లేదు" అని చుట్టాలు దెప్పుతారు. కాదు, మీరెవరో వాడికి బాగా తెలిసిందని అర్థం. సరిగ్గా అప్పుడే చాలామంది ఉద్యోగాలకు వెళతారు. ఏం చేస్తారు? "అదిగో కాకి" అని చూపించి వెనక గుమ్మంలోంచి జారుకుంటారు. ఏడుపు చూడలేక. నాకు తెలిసిన ఒక అమ్మాయి రోజూ ఇక్కణ్ణుంచి విజయవాడ రైల్లో ఉద్యోగానికి వెళుతుంది. రెండు నెలలు అలాగే జారుకుంది. బిడ్డ పగలంతా బాగానే ఉండేవాడు కానీ, సాయంత్రం ఆమె వచ్చాక బాత్రూమ్‌కు కూడా వెళ్ళనివ్వడు, రాత్రి పదిసార్లు లేచి ఉందా లేదా అని తడుముకుంటాడు. కాకిని చూసి వెనక్కి తిరిగితే అమ్మ మాయమైంది కదా, ఇక ఏ నిమిషం మాయమవుతుందో అని కాపలా కాస్తున్నాడు.

చెప్పి వెళ్ళు అన్నాను. బిడ్డను చూసుకునే ఆవిడ ఒళ్ళో ఉంచి, ముఖం చూసి, చెప్పి వెళ్ళు. ఏడుస్తాడు, ఏడవనీ, ఆవిడ ఓదారుస్తుంది. నువ్వు కట్టి విడిచిన చీర ఒకటి పక్కలో పరిచి వెళ్ళు, వాసన ఉంటుంది. సాయంత్రం రాగానే సంచి పక్కన పడేసి ముందు వాణ్ణి ఎత్తుకో. మొదటి వారం ఘోరంగా ఏడ్చాడని ఫోన్ చేసింది. మూడో వారానికి గుమ్మం దగ్గర చెయ్యి ఊపుతున్నాడట, పెదవి విరుస్తూనే. రాత్రి తడుముకోవడం తగ్గింది.

మనం ఎవరింటి నుంచి బయల్దేరినా "వెళ్తాను" అనం, అంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. "వెళ్ళొస్తాను" అంటాం. పెద్దవాళ్ళకు చెప్పే ఆ మాట తొమ్మిది నెలల వాడికి కూడా చెప్పండి. "వెళ్ళొస్తా నాన్నా" అని, ముఖం చూసి.

ఇంక ప్రశ్నలు అడగండి. ఆ చివర ఆయమ్మ ఎప్పటినుంచో చెయ్యి ఎత్తి ఉంచారు, ముందు మీరు అడగండమ్మా.